తుపాకి మొనమీది పూస



రైఫిలుతో కొంత పరిచయము కలిగి షాట్‌గన్‌ను మొదటిసారి చేతికి తీసికొనినవారు, దాని గొట్టమును ఈ కొసనుండి ఆ కొసవరకు తడవి చూచి, "గురి చూచుటకు దీనికేమియు లేదేమండీ?" అని అడుగుట కద్దు. అడుగదగిన ప్రశ్నయే. రైఫిలునకు కంటియొద్ద ఒక కంత, మొనయొద్ద ఒక వలయము, ఆ కంతను వెండ్రుకవాసి పైకిని ప్రక్కకును జరుపుటకు మరలు, ఇంత సరంజామా యుండగా, షాట్‌గన్ గొట్టపు చివర చిన్న ఇత్తడిపూస యొక్కటి తప్ప మఱేమియు కానరాదు. 2012లో లండన్ ఒలింపిక్సున పది మీటర్ల ఎయిర్ రైఫిలు పోటీలో కాంస్యపతకమును గెలిచిన మన హైదరాబాదు క్రీడాకారుడు గగన్ నారంగ్ గారి ఆయుధమును, అదే నగరమునుండి వెడలి 2016లో రియోలో ట్రాప్ అను షాట్‌గన్ పోటీయందు పాల్గొన్న కైనన్ చెనాయ్ గారి ఆయుధమును ప్రక్కప్రక్కన ఊహించుకొన్నచో, మొదటిదానికి గురిసాధనమే ప్రాణమనియు, రెండవదానికి దానిని అమర్చుట ఎవరో మఱచిపోయిరనియు అనిపింపక మానదు.

ఆ చిన్నపూసను తీసివేసి, దాని స్థానమున అంగడిలో దొరకు మఱియొక గురిసాధనమును బిగించుకొనవలెనను కోరిక నేడు షాట్‌గన్ పట్టినవారిలో, విశేషించి అమెరికా దేశమున, సర్వసామాన్యమైపోయినది. అక్కడి వేటసామాను దుకాణములలో అట్టముక్కలకు అంటించిన ప్లాస్టిక్ పొట్లములలో ఎఱ్ఱనివియు, ఆకుపచ్చనివియు, తళతళలాడు చిన్న కడ్డీలు వరుసలు వరుసలుగా వ్రేలాడుచుండును. కొనుట ఎంత సులభమో బిగించుటయు నంతే సులభమని అమ్మువారి మాట. ఆ మాటలో అబద్ధమేమియు లేదు. అయితే, బిగించిన పిమ్మట గుండ్లు ఎక్కడ పడుననునది వేఱొక ప్రశ్న. దానికి సమాధానము ఆ పొట్లములో దొరకదు.

షాట్‌గన్‌కు గురిసాధనము ఇంత స్వల్పముగా నుండుటకు కారణము దాని గొట్టములోనే యున్నది. ఒక పౌను సీసమును పన్నెండు సమభాగములు చేసి గుండ్రని గుండ్లుగా పోసినచో, ఒక్కొక్క గుండునకు ఎంత వ్యాసము కలుగునో అంత వ్యాసము గల గొట్టమే 12 బోరు. నేటి కొలతలలో సుమారు 18.5 మిల్లీమీటర్లు. ఆ గొట్టమునుండి నేటి ఒలింపిక్ పోటీలలో వెలువడునది ఒక్క గుండు కాదు; 24 గ్రాముల సన్నని సీసపుగుండ్లు. ఒక్కొక్కటి 2.4 మిల్లీమీటర్ల వ్యాసము కలదియైనచో, వాని సంఖ్య మూడువందలకు ఇంచుక లోపుగా నుండును. గొట్టపు మొనను కొంత సన్నము చేసి ఆ గుండ్లను దగ్గఱగా పట్టియుంచు ఏర్పాటునకు చోకు అని పేరు. చోకు పూర్తిగా నున్నచో, 40 గజముల దూరమున 30 అంగుళముల వలయములో నూటికి సుమారు డెబ్బది గుండ్లు పడవలెనని లెక్క. చోకు తక్కువైనచో ఏబది పడవచ్చును. కనుక షాట్‌గన్ కొట్టునది బిందువును కాదు, ఒక ప్రదేశమును. ఆ ప్రదేశములోనికి వచ్చి పడవలసిన, పోటీలలో లక్ష్యముగా ఎగురవేయు మట్టిబిళ్ళయో, 110 మిల్లీమీటర్ల వెడల్పును, 105 గ్రాముల బరువును కలిగి, గంటకు నూఱు కిలోమీటర్లకు పైబడిన వేగముతో యంత్రమునుండి వెడలి, ఏ దిక్కునకు పోవునో ముందుగా తెలియనీయక పాఱిపోవుచుండును. అట్టిదానిని ఒక కన్ను మూసి, కంతలోనుండి మొనను, మొనమీదుగా బిళ్ళను చూచి, ఊపిరి బిగబట్టి పేల్చుదమనుకొన్నచో, అంతలోపల బిళ్ళ నేలమీద పడి యుండును.

చరిత్రప్రకారము ఈ బిళ్ళయు గుఱిపెట్టి నేర్చుకొనుటకు పుట్టినది కాదు. మొదట సజీవమైన పావురములనే పంజరములనుండి వదలి కొట్టెడివారు. 1870 ప్రాంతముల అమెరికాలో బోగార్డస్ అను ప్రసిద్ధుడైన షూటరు గాజుబంతులను ఎగురవేయు పద్ధతిని ప్రచారములోనికి తెచ్చెను. 1880లో సిన్సినాటి నగరవాసియైన లిగౌస్కీ కాల్చిన మట్టితో పల్చని బిళ్ళను కల్పించెను. నేటి బిళ్ళలలో మట్టి లేదు. తారువంటి పదార్థమును సున్నపురాతిపొడిని కలిపి పోయుదురు. పేరు మాత్రము నేటికిని మట్టిపావురమే.

ఇక వెనుక గురి ఎక్కడనున్నది? షాట్‌గన్‌కు వెనుక గురి, పట్టినవాని కన్నే. ఈ సంగతి విన్నంతమాత్రమున చిన్నదిగా తోచును గాని, ఈ విద్యలోని కష్టసుఖములన్నియు దీనినుండియే పుట్టినవి. కన్ను గొట్టముమీద ఎంత ఎత్తున, ఎంత ప్రక్కగా నిలుచుననునది చెంప తుపాకి వెనుకటి కఱ్ఱమీద ఎక్కడ ఆనుననుదానిపై ఆధారపడియున్నది. చెంప ఆనుచోటు కఱ్ఱ ఎత్తును, పొడవును, వంపును బట్టి యుండును. ముఖము సన్ననివానికి ఒక తీరు, బుగ్గలు నిండినవానికి ఒక తీరు, పొట్టిమెడకొకటి, పొడుగుచేతులకొకటి. ఈ కారణముచేతనే లండను నగరమున 1814లో వెలసిన పర్డీ మొదలగు ప్రఖ్యాత తుపాకిశాలలవారు, ఒకనికి తుపాకిని చేయుటకు ముందు, కీళ్ళును మరలును అమర్చి ఎటు కావలెనన్న నటు వంచుటకు వీలైన కఱ్ఱ గల కొలత తుపాకి నొకదానిని అతని చేతికిచ్చి, భుజమునకు ఎత్తించి, ఎదుట నిలిచి అతని కంటిలోనికి చూచి కొలతలు తీయుదురు. పూస ఏ రంగుదనునది ఆ కొలతలలో కట్టకడపటి మాట; పెక్కుసారులు ఆ మాటయే రాదు.

లెక్క వేసి చూచినచో సంగతి మఱింత విశదమగును. కంటినుండి తుపాకి మొనవరకు సుమారు ఒక గజము దూరము, పొడుగు గొట్టములకు ఇంకను కొంచెము. ఆ దూరమున నున్న మూడు మిల్లీమీటర్ల పూస, 35 మీటర్ల దూరమున నున్న 110 మిల్లీమీటర్ల బిళ్ళను అచ్చముగా మూసివేయును. అనగా పెద్ద పూసను బిగించుకొని దానినే తదేకముగా చూచువాడు, కొట్టవలసినదానిని తనంతట తానే కప్పివేసికొనుచున్నాడన్నమాట. పైగా మానవనేత్రము ఒక గజము దూరమునను, ముప్పది గజముల దూరమునను ఏకకాలమున స్ఫుటముగా చూడజాలదు. పూసను చూచినచో బిళ్ళ మసకబాఱును. మసకబాఱిన బిళ్ళ వేగమును కన్ను పోల్చుకొనలేదు. పోల్చుకొనలేని చేయి క్షణకాలము ఆగును. ఆగినంతనే గుండ్లు వెనుకబడిపోవును. ఎద్దులబండి తోలువాడు బాటను చూచునే గాని కాడికొనను చూడడు. కాడి అతని చూపులో నుండును, చూపుకు లక్ష్యముగా నుండదు. పూసయు అట్లే యుండవలెనని గురువులందఱును చెప్పుమాట. ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున లండనులో పేరుమోసిన తుపాకిశాలాధిపతి రాబర్ట్ చర్చిల్, 25 అంగుళముల పొట్టిగొట్టములను, వానిపై సన్నని ఎత్తైన పట్టీని పెట్టించి, తన శిష్యులకు దృష్టి సర్వము పక్షిమీదనే నిలుపుడని బోధించెడివాడు. అతని మాట అందఱకును సరిపడకపోవచ్చును. తుపాకి కొలతకు సరిపోయినవానికి మాత్రము అది ముమ్మాటికి నిజము.

అయినచో ఇందఱు క్రొత్త గురిసాధనములకై ఏల వెంపరలాడుచున్నారు? కొన్ని కారణములు న్యాయమైనవే. సంధ్యవేళ, చెట్లనీడ వెనుకనున్నప్పుడు, పాతబడి మసకవాఱిన ఇత్తడిపూస కంటికి ఆనదు. వయసు మీఱినవారికి పూస యునికియే తెలియకపోవచ్చును. ఇట్టివారికై వచ్చిన ఫైబరు కడ్డీ నిజముగా చమత్కారమైనది. రంగు కలిపిన పారదర్శకమైన ఆ ప్లాస్టిక్ కడ్డీ తన పొడవు పొడవునను పడిన వెలుతురును లోనికి గ్రహించి, లోపలనే త్రిప్పి త్రిప్పి, చివరి ముఖమునుండి ఒక్క చుక్కగా వెలువరించును. బ్యాటరీ లేదు, తీగె లేదు. వెలుతురున్నంతవఱకు వెలుగును, చీకటిలో అదియు చీకటే. మఱియొక కారణము ఇంకను గట్టిది. కుడిభుజమున తుపాకి పెట్టువారిలో కొందఱకు ఎడమకన్ను ప్రబలముగా నుండును. రెండు కన్నులు తెఱచినప్పుడు ఆ ఎడమకన్ను పూసను తనవైపునకు లాగుకొని, తుపాకిని అడ్డముగా త్రిప్పించును. వీరికై కడ్డీని లోతైన గొట్టములో దాచి, సూటిగా వెనుకనున్న కంటికి మాత్రమే చుక్క కనబడునట్లు చేసిన సాధనములున్నవి. ప్రక్కనున్న కంటికి ఆ చుక్క కానరాదు గనుక, అది తగవులోనికి రాదు. ఇట్టి లాభమున్నచోట క్రొత్తపూసకు ఖర్చు పెట్టుట తెలివియే. గుఱి తప్పుచున్నది గనుక పెద్దది, ప్రకాశమానమైనది కావలెననుకొనువారి సంగతి వేఱు. ఎంత ప్రకాశించిన అంతగా చూపును తనవైపునకు ఈడ్చుకొనును. చూపును ఈడ్చుటయే దాని దోషము.

బిగించు విధమును కొంచెము దగ్గఱగా చూతము. తుపాకిని తెఱచి, గొట్టమును, తూటా నిలుచు అఱను కంటితోను వ్రేలితోను చూచి, తూటాలను వేఱొక గదిలో పెట్టి వచ్చినపిమ్మటనే పని మొదలుపెట్టవలెను. ఇది మర్యాదకు చెప్పుమాట కాదు. పూస సాధారణముగా చిన్న మరమేకు. గొట్టముమీదనో, గొట్టముపై వంతెనగా కట్టిన పట్టీమీదనో దిగగొట్టక, మరలతో త్రిప్పబడియుండును. ఆ మరలలో అనేక జాతులున్నవి. అమెరికా తుపాకులలో ముందుపూసకు 6-48 అను మర తఱచు కానవచ్చును. అనగా మూడున్నర మిల్లీమీటర్ల లావును, అంగుళమునకు నలువదియెనిమిది చుట్లును. కొన్ని తుపాకులకు గొట్టము నడుమ నుండు మఱియొక చిన్నపూసకు 3-56. అది రెండున్నర మిల్లీమీటర్లే. ఇటలీ తుపాకులలో మెట్రిక్ మర లుండును. చూచుటకు ఒకటిగానే తోచు ఈ మరలు ఒకదానిలోనొకటి ఇమిడినట్లే యిమిడి, ఒక చుట్టు తిరిగి బిగిసికొనును. బిగిసినచోట పటకారుతో బలవంతపెట్టినవాడు ఆ ఒక్క నిమిషములోనే పట్టీలోని కంతను పాడుచేసికొనును. క్రొత్తపూస వ్రేళ్ళతోనే రెండు మూడు చుట్లు ధారాళముగా దిగవలెను. దిగనిచో అది ఆ తుపాకి పూస కాదు.

పాతపూసను తీయుటలోను ఓర్పు కావలెను. పటకారు నోటికి తోలుముక్కను చుట్టి, పూసను అడుగంట పట్టి, అపసవ్యముగా మెల్లగా త్రిప్పవలెను. ఏండ్ల త్రుప్పు పట్టియున్నచో చుక్కనూనె వేసి ఒక రాత్రి ఊరకుండవలెను. కొందఱు దీపముతో వేడిచేయుదురు. పాతకాలపు జంటగొట్టముల తుపాకిమీద ఈ ప్రయోగము ఎన్నడును చేయరాదు. ఆ గొట్టములను, పట్టీని కలిపియుంచినది తగరపు మెత్తని అతుకు, అది కొద్దివేడికే కరగును. పూసకై పోయినవానికి పట్టీయే ఊడివచ్చును! పూసమెడ విఱిగి మేకు లోపలనే నిలిచిపోయినచో, అంతటితో ఇంటిపని ముగిసినదని తెలిసికొని తుపాకిని పనివాని చేతికి అప్పగించుట మేలు. మొనయొద్ద గొట్టపుగోడ ఒక మిల్లీమీటరు మందమున కటు ఇటుగా నుండుచోట, చేతిబరమాతో సాహసము పనికిరాదు.

క్రొత్తమేకు పొడవు ఇంకొక చిక్కు. పట్టీలేని గొట్టమున మేకుకొన లోనికి పొడుచుకొనివచ్చినచో, వెడలు గుండ్లన్నియు దానికి తగులును. పట్టీయున్న తుపాకిలో అది పట్టీని దాటి గొట్టమును పైనుండి నొక్కి, పల్చని ఉక్కుమీద సొట్ట చేయును. కనుక బిగించినతోడనే గొట్టమును వెలుతురువైపునకు పెట్టి లోపల చూడవలెను. వెలుతురు వలయములో ఎక్కడైనను నీడ చెదరినచో మేకును విప్పి, కొనను ఆకురాయితో అరగదీయవలెను. తుది బిగింపునకు ముందు మరలకు నీలిరంగు మరజిగురు ఒక చిన్నచుక్క చాలును. 1953లో కనెటికట్ రాష్ట్రమున వెర్నన్ క్రీబిల్ అను రసాయనాచార్యుడు కనిపెట్టిన ఆ ద్రవము గాలి తగిలినంతసేపు ద్రవముగనే యుండి, లోహముల నడుమ గాలి అందనిచోట గట్టిపడును. ఎఱ్ఱజిగురు వాడినవాడు మరల ఆ పూసను తీయదలచినప్పుడు విచారించును.

మరలు త్రిప్పుటకు ఇష్టపడనివారికి పట్టీపై అయస్కాంతముతో అతుకునవియు, రెండువైపుల పట్టుకొనునవియు కలవు. వీనికి పట్టీ వెడల్పు సరిగా కొలువవలెను. ఈ సౌకర్యమునకు వెల ఎత్తు. పూస ఎత్తైనకొలది గుండ్లు క్రిందికి పోవును. ఇది మొదట విన్నవారికి తలక్రిందుగా తోచును. కాని పూసను కంటిరేఖకు తెచ్చుకొనుటకు మొనను దించవలసివచ్చుట ఆలోచించినచో తెలియును. ఒక్క మిల్లీమీటరు ఎత్తు పెరిగినచో, 40 గజములయొద్ద మూడున్నర సెంటీమీటర్లకు పైగా దిగిపోవును. రెండు మిల్లీమీటర్లకు అందులో రెట్టింపు. పైకి ఎగయు బిళ్ళకు ఆ మాత్రము చాలును, తప్పిపోవుటకు.

ఇందుకే పూస మార్చినవాడు, మార్చకమునుపును మార్చినపిదపను, పెద్దకాగితముమీదనో తెల్లరంగు పూసిన ఇనుపరేకుమీదనో పేల్చి చూడవలెను. ఆంగ్లేయులు ఇందుకు 16 గజముల దూరమును ఏర్పఱచుకొనిరి. ఆ అంకెలో ఒక సొగసు ఉన్నది. కంటికి మొనకు నడుమ గజముండగా, పదునాఱు గజములయొద్ద గుండ్లమూక ఒక అంగుళము తప్పినచో, కంటియొద్ద సవరింపవలసినది అంగుళములో పదునాఱవవంతు. తుపాకిని భుజమునకెత్తి, గుఱి చూడక, ఒకే మచ్చవైపు పలుమాఱులు పేల్చి, గుండ్ల నడిమిచోటు మచ్చకు ఎంత పైన, ఎంత ప్రక్కగా పడెనో కొలిచినచో, కఱ్ఱ ఎంత తగ్గింపవలెనో, ఎంత ఎత్తు వేయవలెనో లెక్క చేతికందును. చెంప ఆనుచోట తోలుపట్టీ అంటించి సరిచేయదగినదానికి క్రొత్తపూస, దానికై క్రొత్తకంత, ఆ కంతకై క్రొత్తపట్టీ యని పోవుట, గోటితో పోవుదానికి గొడ్డలి తెచ్చుటయే.

ఇంతవఱకు చెప్పిన దంతయు చెదరు గుండ్లకు. తుపాకి అదియే యైనను, లోనికి ఒకే పెద్దసీసపు గుండును వేసినప్పుడు న్యాయము మారిపోవును. జర్మనీలో 1898లో బ్రెన్నెకె, అమెరికాలో 1931లో ఫాస్టర్ కల్పించిన ఇట్టి స్లగ్గు గుండ్లతో, ఇల్లినాయ్, ఒహాయో మొదలగు రాష్ట్రములలో జింకలవేట సాగుచు వచ్చినది. చదునైన నేల, దగ్గఱదగ్గఱ ఇండ్లు గల ఆ సీమలలో దూరము పోవు రైఫిలు తూటా ప్రమాదకరమని భావించి, పెక్కేండ్లు అక్కడి ప్రభుత్వములు ఆ వేటకు షాట్‌గన్‌నే నిర్ణయించినవి. ఒక్క గుండునకు వలయముయొక్క దాక్షిణ్యము లేదు. చెంప ఒక్కసారి ఎత్తుగా, ఒక్కసారి పల్లముగా ఆనినచో గుండు ఏబది గజములయొద్ద జాన తప్పిపోవును. అక్కడ వెనుక గురి తప్పనిసరి; రైఫిలు గురియైనను సరే, ఎఱ్ఱచుక్క అద్దమైనను సరే. కదలక నిలిచిన అడవి టర్కీకోడి తలపై, మిక్కిలి బిగువైన చోకుతో పేల్చువారికిని ఇదే న్యాయము.

ఎఱ్ఱచుక్క అద్దములో చుక్క దూరమున లక్ష్యముతో పాటే తేలుచున్నట్లు కనబడును గనుక, కన్ను కొంచెము అటునిటు జరిగినను నష్టము స్వల్పము. అయితే ఆ అద్దము గొట్టముకంటె రెండు మూడు సెంటీమీటర్లు ఎత్తున కూర్చుండును. దానిలోనికి చూచుటకు చెంప కఱ్ఱను విడిచి పైకి లేవవలసివచ్చును. అట్లు లేచిన చెంపను 12 బోరు వెనుకతాపు క్షమింపదు. కఱ్ఱకు ఎత్తు వేయక అద్దమును బిగించుట సగము పనియే. ఇక 1950నుండి తయారగుచున్న రెమింగ్టన్ 870 వంటి పంపు తుపాకికి, ట్రిగ్గరును పట్టియుంచు సీలల కంతలలోనుండియే మేకులు దూర్చి జీనువలె బిగించు పీఠములు దొరకును. క్రొత్త కంత వేయ నక్కఱలేదు. వానిని మితిమీఱి బిగించినచో ఉక్కుపెట్టె గోడలు లోనికి నొక్కుకొని, పంపు కదలిక పట్టివేయును. బిగించుచునే పంపును వెనుకకును ముందుకును ఆడించి చూచుచుండుట పనివారి అలవాటు.

పోటీలకు పోవువారికి ఈ అద్దముల బెడద లేదు. అంతర్జాతీయ నియమములు ట్రాప్, స్కీట్ పోటీలలో లక్ష్యమును పెద్దదిచేసి చూపు సాధనములను, కాంతినిచ్చు సాధనములను నిషేధించినవి. 1962లో కైరో ప్రపంచపోటీలలో రజతము గెలిచిన బికనేరు మహారాజు కర్ణీసింగ్ గారును, 2004లో ఏథెన్సు ఒలింపిక్సున డబుల్ ట్రాప్‌లో రజతము గెలిచిన రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్ గారును కంటితోనే, చెంపతోనే గెలిచిరి.

మన దేశమున ఈ పనికి చట్టపు హద్దులు కలవు. 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను చాలవఱకు అరికట్టినది. షాట్‌గన్ నేడు మైదానములందును, ఆత్మరక్షణకై లైసెన్సు పొందినవారి యిండ్లలోను ముఖ్యముగా కలదు. 1959నాటి ఆయుధచట్టము ప్రకారము ఆత్మరక్షణకును క్రీడకును లైసెన్సు అడుగునట్టి నునుపు గొట్టపు తుపాకికి గొట్టము 20 అంగుళములకు తగ్గరాదు. లైసెన్సు లేక గొట్టమును పొట్టిచేయుట నేరము. మరమ్మతు వ్యాపారము చేయువానికిని లైసెన్సు ఉండవలెను. కనుక పూస మార్పించుకొనదలచినవారు లైసెన్సు గల పనివానియొద్దకే పోవలెను. పోవునప్పుడు తుపాకితోపాటు, 16 గజములయొద్ద పేల్చిన కాగితములను కూడ చుట్టచుట్టి చంకబెట్టుకొని పోయినచో, పూసను మార్చవలెనో కఱ్ఱను చెక్కవలెనో అతడు చూచి చెప్పగలడు.